పన్నెండు నిమిషాలు

ముప్పై ఒక్క ఏండ్లు
అనంతపురం కలెక్టరాఫీసు ప్రహరీగోడ నీడలో
ఊరోళ్ల కష్టాలు టైపు కొట్టినోణ్ణి.
బోరు ఎండిందని, పింఛను ఆగిందని,
పాసుబుక్కులో తాత పేరు తప్పు పడిందని.
నా మిషన్లో 'క్ష' మీట విరిగి చానా దినాలాయె.
క్షమించమని అడిగే చోటంతా
ఖాళీ వదిలి, పెన్నుతో పూడుస్తాను.

నిన్న సాయంత్రం మొదటిసారి
'అర్జీదారు' పక్కన నా పేరే కొట్టుకున్నా:
కుళ్ళాయప్ప, తండ్రి ఓబులేసు, వయసు యాభై ఎనిమిది.
ఎవురి పేరుకూ వణకని వేళ్లు
ఆ ఒక్క వరుసలో రెండుసార్లు తప్పుకొట్టినాయి.

విషయం: నూటయాభై రూపాయలు.

జిరాక్సు అంగడి చెన్నక్క నవ్వింది.
"నూటయాభైకి అర్జీనా? నువ్వు
ఒక్క అర్జీకి తీసుకునేదే అంత గదప్పా!"
నిజమే. నా లెక్కన నేనే నాకు బాకీ.

ఆ రాత్రి సాయినగర్ పెద్దాసుపత్రి.
మేనకోడలు నాగరత్న లోపల,
నా ఎక్సెల్ బండి కింద సెల్లారులో.
గోడమీద బోర్డు: 'వాహనాలకు మాది పూచీ లేదు.'
దాని కిందనే రేట్లు.
దినానికి ఇరవై. పన్నెండు దాటితే ఇంకో దినం,
రాత్రి వాడకం అంటూ ఇంకో నూటముప్పై.
పూచీ మనది, పైకం వాళ్లది.

తలుపు సందులోంచి నర్సమ్మ చెప్పింది:
ఆడపిల్ల, పదకొండూ యాభైకి.
చేతిలో చీటీ పెట్టింది:
ఈ మందు మా దగ్గర ల్యా, ఎదురంగట్లో తెండి.
మెట్లు ఎట్ల దిగినానో!
గేటుకాడ నా వాచీలో పదకొండూ యాభై ఎనిమిది.
పీరా నొక్కిన మిషన్లో పన్నెండూ పది.

"చూడు పీరా, నా వాచీ చూడు."
"వాచీ నీదన్నా, మిషన్ వాళ్లది.
నేను తగ్గిస్తే నా జీతంలో కోస్తారు."
వాని చొక్కామీద కంపెనీ బొమ్మ
వాని ఎదకంటే వెడల్పుగా ఉండాది.
కట్టినా. మందు కావాల. తగువుకు టైము ల్యా.

తెల్లారి మేనేజరు: "పార్కింగు మాది కాదు, కాంట్రాక్టోళ్లది."
కాంట్రాక్టరు ఫోన్లో: "ఆసుపత్రోళ్లనే అడుగు పో."
ఇద్దరి మధ్యన నా నూటయాభై
అనాథ పిల్ల మాదిరి నిలబడింది.

అర్జీలో ఇట్లా రాసినా:
అయ్యా, మందులంగడి బిల్లులో పన్నెండూ మూడు.
గేటు చీటీలో పన్నెండూ పది.
అంటే నేను గేటు దాటకముందే
రోడ్డు దాటి మందు కొన్నానా?
ఇంకో మాట.
గేటు గడియారమే నిజమైతే
మా పిల్ల పుట్టింది పద్నాలుగు కాదు, పదైదు.
మీ ఆసుపత్రి రిజిస్టరే తప్పు.
ఏది దిద్దుతారో మీరే చెప్పండి,
మేం ఆ దినమే కేకు కోస్తాం.

ఎండకు గేటు చీటీ అప్పుడే తెల్లబోతాండాది.
చెన్నక్క నాలుగు నకళ్లు తీసి
దుడ్లు వొద్దు అనింది, నవ్వకుండా.

దీనికంటే ముందు రిజిస్టరు పోస్టులో నోటీసు పంపినా.
ఇరవై రెండు దినాలు, జవాబు ల్యా.
ఈ పొద్దు కమిషన్ ఆఫీసుకు పోతా పోతా
సాయినగర్ గేటుకాడ నిలబడి
వాచీ ఒక కంట, మిషన్ ఒక కంట చూసినా.
సరిగ్గా ఒకటే టైము.
ఎవురూ తప్పు ఒప్పుకోల్యా,
గడియారం మాత్రం చెప్పకుండా ఒప్పుకునింది.
"రాత్రి ఎవురో వొచ్చి తిప్పి పోయినారన్నా,"
పీరా చెవిలో చెప్పినాడు, అటూ ఇటూ చూసి.

ఇంగ ఇంటికి పొమ్మంటాది లోపల ఒక మాట.
ఆ పన్నెండు నిమిషాల్లో
ఇంకెంతమంది పరిగెత్తినారో, ఎవురికోసమో!
బండి స్టాండు తీసినా, కమిషన్ దిక్కే తిప్పినా.

సంచిలో అర్జీ మూడు పుటలు.
'సాక్ష్యం' అనాల్సిన చోట 'రుజువు' అని కొట్టినా,
'సమక్షం' తీసి 'ముందు' అని కొట్టినా.
పెన్నుతో పూడ్చే ఖాళీ
ఈ తూరి ఒక్కటీ మిగల్లా.